ఫలాఫెల్‌కు శనగలు ఉడకబెట్టొద్దు

ప్రశ్న: అక్కా, మా ఆయన కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి ఈమధ్యే ఇంటికొచ్చేశాడు. అక్కడ పొద్దున్నే ఖుబ్బూస్ రొట్టెలో పెట్టుకుని తిన్న ఫలాఫెల్ (శనగల వడ) మీద మనసు ఇంకా పోలేదు. వస్తూ వస్తూ ఎయిర్ ఫ్రయర్ కూడా తెచ్చుకున్నాడు. నేను కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, మిక్సీ పట్టి, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి ఉండలు చేసి అందులో పెట్టాను. కొన్ని బుట్టకు అతుక్కుని విరిగిపోయాయి. మిగిలినవి పైన ఎండిపోయి లోపల ముద్దగా ఉన్నాయి. నూనెలో వేయిద్దామంటే ఆయనకు కొలెస్ట్రాల్ ఉంది. కరకరలాడాలంటే ఏం చేయాలి?
– ఒక సోదరి, రాయచోటి

జవాబు: చెల్లీ, మెషిన్‌లో లోపమేం లేదు. పని చెడింది కుక్కర్‌లో. మీరు అలసంద వడలు చేసేప్పుడు అలసందలు ఉడకబెడతారా? లేదు గదా. నానబెట్టి, పచ్చిగానే బరకగా రుబ్బుతారు. ఫలాఫెల్ పద్ధతీ అదే. రాయలసీమ ఆడవాళ్లకు ఈ వంట ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పేరు విని బెదిరిపోయి, చేతిలో ఉన్న విద్య పక్కన పెడుతున్నాం.

ఎందుకు ఉడకబెట్టకూడదో చెబుతాను. శనగలో పిండి పదార్థం పచ్చిగా ఉన్నంతసేపూ గట్టి రేణువులుగా ఉంటుంది. వేడి తగిలాక చుట్టూ ఉన్న తడిని పీల్చుకుని, ఉబ్బి, జిగురై, పలుకును పలుకుతో పట్టిస్తుంది. ఆ జిగురు పుట్టాల్సింది ఉండ చుట్టిన తర్వాత. కుక్కర్లోనే పుట్టేస్తే ఉండను పట్టి ఉంచేదేమీ మిగలదు. పైగా ఉడికిన శనగ కడుపు నిండా నీళ్లు తాగి ఉంటుంది. ఆ నీళ్లన్నీ ఆవిరైపోతే గానీ పైపొర ఎర్రబడదు, అప్పటికి ఉండ పగిలిపోతుంది. డబ్బాల్లో వచ్చే శనగలూ ఉడికినవే, వాటి జోలికీ వెళ్లొద్దు.

పావుకిలో కాబూలీ శనగలు తీసుకుంటే 20 నుంచి 24 దాకా వస్తాయి. పొద్దున నానేసి మర్నాడు పొద్దున తీయండి, తక్కువలో తక్కువ 18 గంటలు. నీళ్లు ధారాళంగా పోయాలి, శనగ రెట్టింపుకు పైగా ఉబ్బుతుంది. మన దగ్గర మే నెలలో గిన్నె బయట వదిలేస్తే సాయంత్రానికే నురగ తేలి పులుపు వాసన కొడుతుంది. అందుకని వేసవిలో ఐదారు గంటలయ్యాక నీళ్లు మార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఒక గింజను గోటితో చీల్చి చూడండి. లోపలంతా ఒకే రంగుంటే నానినట్టు. మధ్యలో సుద్దముక్కలాగా తెల్లటి చుక్క కనబడితే ఇంకా కావాలి. నానిన నీళ్లు పారబోయండి. శనగలు తింటే కడుపుబ్బరం అనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది మరీ ముఖ్యం, గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత ఆ నీళ్లతో పోతాయి.

తర్వాత వడగట్టి, పాత నూలు చీర మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఆరనివ్వండి. చాలామంది వదిలేసేది ఇదే. నూనెలో వేయిస్తే కొంచెం తడి ఉన్నా సాగిపోతుంది గానీ ఎయిర్ ఫ్రయర్‌కు తడి పనికిరాదు. కొత్తిమీర కూడా కడిగి పూర్తిగా ఆరాకే వాడండి. ఉల్లిపాయను సన్నగా తరిగి గుడ్డలో వేసి పిండేయండి.

ఇక మిక్సీ. పెద్ద జార్‌లో సగానికి మించి నింపొద్దు. చుక్క నీళ్లు పోయొద్దు. మీటను కుడివైపు తిప్పి వదిలేశారంటే అడుగున గంధమవుతుంది, పైన గింజలు గింజలుగానే ఉంటాయి. ఎడమవైపు తిప్పి వదలండి, మళ్లీ తిప్పి వదలండి. మధ్యమధ్య మూత తీసి అడుగున ఉన్నది గరిటెతో పైకి లాగండి. ఉప్మారవ్వ కంటే కాస్త పెద్ద పలుకు రావాలి. గుప్పిట్లో పిడిస్తే నిలవాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. మరీ మెత్తగా రుబ్బితే గట్టి బిళ్లలవుతాయి, మరీ బరకగా ఉంటే రాలిపోతాయి. మీ ఇంట్లో రోలు వాడకంలో ఉంటే మిక్సీ మాటే మరిచిపోండి.

ఈ పావుకిలోకు చిన్న ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రెండు గుప్పెళ్ల కొత్తిమీర, కొంచెం పుదీనా, రెండు పచ్చిమిరపకాయలు, వేయించి దంచిన జీలకర్ర, ధనియాలు ఒకటిన్నర చెంచా చొప్పున, అర చెంచా మిరియాల పొడి. అక్కడివాళ్లు పార్స్లీ ఆకు వేస్తారు, అది లేకపోయినా కొత్తిమీరతో లోటు తెలియదు. ఇక్కడ మన చెయ్యి ఊరుకోదు, అల్లం మీదికీ గరం మసాలా మీదికీ పోతుంది. వేస్తే మసాలా వడ అవుతుంది. బాగానే ఉంటుంది, కానీ కువైట్ నుంచి వచ్చినాయన మళ్లీ పేరు పెడతాడు.

ఉప్పు కూడా కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. చుట్టబోయే ముందు అర చెంచా బేకింగ్ పౌడర్ కలపండి, లోపల గుల్లగా వస్తుంది. వంటసోడా ఎక్కువైతే సబ్బు వాసన, ఆ ప్రయోగం వద్దు. శనగపిండి అంటారా, ముద్ద నిలవకపోతేనే, ఒక్క చెంచా. పెద్ద నిమ్మకాయంత తీసుకుని గుండ్రంగా వదలకుండా కాస్త అదమండి, రెండు సెంటీమీటర్ల మందానికి మించకూడదు. పైన నువ్వులు అద్దితే ఇంకా కరకర.

ఎయిర్ ఫ్రయర్ అని పేరే గానీ అది వేయించదు, ఫ్యాను పెట్టిన చిన్న ఓవెన్. ఫిలిప్స్ వాళ్లు 2010లో మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచీ 'నూనె లేని వేపుడు' అని జనం మనసులో పడిపోయింది. నూనె అసలే లేకపోతే మీరు చూసిన ఆ ఎండిపోయిన రూపమే వస్తుంది. నూనె వేడిని మోసినట్టు గాలి మోయలేదు. పైన పలచటి నూనె పొర ఉంటే వేడి సమంగా అంటుకుని రంగు వస్తుంది. ఒక వాయికి రెండు చెంచాలు చాలు, మూకుడు నిండా పోసేదానితో చూస్తే మీ ఆయనకు నిశ్చింత. 190 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. బుట్టకు నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన బ్రష్‌తో నూనె పూయండి. 8 నిమిషాలయ్యాక తిప్పి, రెండోవైపూ పూసి, మరో 5 లేక 6 నిమిషాలు. తిప్పేప్పుడు బుట్టకు పట్టుకున్నట్టుంటే లాగొద్దు, ఇంకో నిమిషం ఆగితే అదే వదులుతుంది. డబ్బా స్ప్రేలు కొట్టొద్దు, వాటిలో కలిపే పదార్థం నాన్‌స్టిక్ పూత మీద జిడ్డుగా పేరుకుని పూతను పాడుచేస్తుంది.

ఇంకో మాట. కువైట్ మెషిన్‌కు మూడు చదరపు పిన్నుల ప్లగ్ ఉంటుంది. కరెంటు దాదాపు మనలాంటిదే, అక్కడ 240 వోల్టులు, ఇక్కడ 230, రెండుచోట్లా 50 హెర్ట్జ్. కాబట్టి మెషిన్‌కు ప్రమాదం లేదు. కానీ దాన్ని ఫోను ఛార్జర్లకు వాడే చిన్న అడాప్టర్‌తో తగిలిస్తే అడాప్టర్ కరిగిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 16 ఆంపియర్ల ప్లగ్ వేయించి, గీజరు పెట్టేలాంటి పెద్ద సాకెట్‌లో పెట్టండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి అమెరికా నుంచి ఎయిర్ ఫ్రయర్ తెచ్చాడు. ఇంకా పెట్టె విప్పలేదు. అందులో ఫలాఫెల్ చేయొచ్చా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: విప్పకపోవడమే మంచిదైంది. అక్కడి కరెంటు 120 వోల్టులు. అడుగున ఉన్న చీటీ మీద 120 వోల్టులని ఒక్కటే రాసి ఉంటే, మన ప్లగ్‌లో పెట్టిన మరుక్షణం కాలిపోతుంది. దానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బుతో, పైన ఇంకొంచెం వేసుకుంటే, ఇక్కడ కొత్త మెషినే వస్తుంది. అబ్బాయి తిరిగి వెళ్లేప్పుడు పట్టుకుపొమ్మనండి.

ప్రశ్న: 190 డిగ్రీలు, 14 నిమిషాలు అని అందరూ చెబుతారు. మా ఊళ్లో సాయంత్రం చేస్తే 20 నిమిషాలైనా తెల్లగానే ఉంటాయి. పొద్దున చేస్తే బాగా వస్తాయి. మెషిన్ చెడిందా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: తమ్ముడూ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. సాయంత్రం మీ వీధిలో వోల్టేజీ పడిపోతోంది. మెషిన్ మీద 1500 వాట్లని రాసి ఉంటే అది 230 వోల్టుల లెక్క. వోల్టేజీ 190కి దిగితే వాట్లు వెయ్యి చిల్లరకు పడతాయి, అంటే వేడిలో మూడోవంతు పోయినట్టే. అప్పుడు డిగ్రీలు 200కి పెంచినా ఉపయోగం లేదు, కాయిల్ అప్పటికే తన శక్తంతా పెట్టి కాలుతోంది. ముందు ఖాళీగా వేడిచేసే సమయం 10 నిమిషాలు చేయండి, ఒక వాయికి సగమే పెట్టండి, బుట్ట మాటిమాటికీ బయటికి లాగి చూడొద్దు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కు మాత్రం తగిలించకండి, అది ఇంత బరువు మోయలేదు. వీలైతే పొద్దునే చేసుకోండి.

ప్రశ్న: ఫలాఫెల్ అలసందలతో చేయొచ్చా? రాజ్మాతో? మా అలసంద వడలు ఎయిర్ ఫ్రయర్‌లో వస్తాయా?
– ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

జవాబు: అలసందలతో నిక్షేపంగా చేయొచ్చు, ఐదారు గంటలు నానితే చాలు. ఫలాఫెల్ అంటే శనగలే అన్న నియమమూ లేదు. లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు శనగలతో చేస్తే, ఈజిప్టులో పొట్టు తీసిన ఎండు ఫావా (చిక్కుడు లాంటివి) గింజలతో చేసి తామియా అంటారు. అలసందలనే రుబ్బి నూనెలో వేసే వంట నైజీరియాలో అకరా, బ్రెజిల్‌లో అకరజే. ప్రొద్దుటూరు ఒంటరిది కాదు.

రాజ్మా మాత్రం వద్దంటే వద్దు. పచ్చి రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే విషపదార్థం ఉంది. అది పోవాలంటే నానబెట్టి, బాగా మరిగే నీళ్లలో ఉడికించాల్సిందే. ఎయిర్ ఫ్రయర్‌లో లోపలికి వెళ్లే వేడి దానికి చాలదు.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. వస్తాయి, కానీ చేయొద్దు. నాటుకోడి పులుసులో ముంచి తినే అలసంద వడ నూనెలో వేగితేనే పులుసు పీల్చుకుంటుంది. మెషిన్ వడ పక్కన కోడిపులుసు పెట్టడం ఆ కోడికి అన్యాయం. ఏడాదిలో నాలుగు పండగలకు చేసుకునేది నూనెలోనే చేసుకోండి.

ప్రశ్న: అక్కా, ఉండలు కట్టేప్పుడు బాగానే ఉంటాయి. మెషిన్‌లో పెట్టాక పగుళ్లు ఇస్తాయి. – ఆదోని

జవాబు: మీ ముద్ద మరీ పొడిగా ఉంది. లోపల జిగురు పుట్టేలోగా పైపొర ఎండిపోయి చీలుతోంది. నాలుగోవంతు ముద్దను మళ్లీ జార్‌లో వేసి మెత్తగా చేసి కలపండి. చేతులు తడిచేసుకుని అంచులు నున్నగా ఒత్తండి. ఫ్యాను గాలి బలంగా కొట్టే మెషిన్ అయితే 180 దగ్గర మొదలుపెట్టి, తిప్పాక 195కి పెంచండి.

ప్రశ్న: పక్కన నంజుకునే తహీనీ మా ఊళ్లో దొరకదు. పెరుగు పచ్చడితో సరిపెట్టుకోవాలా? – గుంతకల్లు

జవాబు: నువ్వులు దొరకని ఊరు మన సీమలో ఎక్కడుంది? పొట్టు తీసిన తెల్ల నువ్వులు వంద గ్రాములు సన్నసెగన వేయించండి. వేడెక్కి వాసన వస్తే చాలు, ఎర్రబడితే చేదు. వెచ్చగా ఉన్నప్పుడే మూడు చెంచాల నువ్వులనూనెతో జారుగా అయ్యేదాకా తిప్పండి. తహీనీ అదే. అందులో మూడు చెంచాలు తీసుకుని అరచెక్క నిమ్మరసం, నూరిన వెల్లుల్లి రెబ్బ, ఉప్పు వేసి చల్లటి నీళ్లు చెంచా చెంచాగా కలపండి. మొదటి రెండు చెంచాలకు బిగుసుకుని గడ్డకడుతుంది, కంగారుపడి పారేయొద్దు. ఇంకొంచెం పోసి గిలక్కొడితే తెల్లబడి మజ్జిగపులుసంత చిక్కగా జారుతుంది. అనంతపురం జిల్లాలో ఉండి చెనిక్కాయలు వాడకూడదా అంటే వాడొచ్చు, పొట్టు తీసి ఇదే పద్ధతి. అది తహీనీ కాదు గానీ నాకైతే ఫలాఫెల్ పక్కన అదే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: రంజాన్‌లో ఇఫ్తార్‌కు రోజూ చేయాలంటే ఉపవాసం మీద ఇంత పని కష్టం. ముందే చేసి పెట్టుకోవచ్చా? – ఒక సోదరి, కర్నూలు పాతబస్తీ

జవాబు: చేసి పెట్టుకోవచ్చు, కాల్చి మాత్రం కాదు. పచ్చివే బిళ్లలు చేసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత డబ్బాకు ఎత్తండి. నెలరోజులు ఉంటాయి. వీటిలో బేకింగ్ పౌడర్ కాస్త ఎక్కువ వేసుకోండి, నిల్వలో దాని బలం కొంత తగ్గుతుంది. మగ్రిబ్ నమాజుకు 20 నిమిషాల ముందు తీసి, కరగనివ్వకుండానే 180 డిగ్రీల దగ్గర పెట్టండి, 16 నుంచి 18 నిమిషాలు పడుతుంది. నూనె మాత్రం మొదట్లో పూయొద్దు, గడ్డకట్టిన దాని మీద నిలవదు. ఐదు నిమిషాలయ్యాక పైన మంచు ఆరిపోతుంది, అప్పుడు పూయండి.