తాతమ్మ ఊరికి వెళ్లలేదని పాపకు చెప్పండి

ప్రశ్న: మాది హన్మకొండ. నా వయసు 29. పాపకు రెండున్నరేళ్లు. అమ్మ ఉద్యోగం దూరంలో కావడంతో పరకాల దగ్గరి పల్లెలో అమ్మమ్మే నన్ను పదో తరగతి వరకు పెంచింది. ఈ వేసవిలో ఆమె చనిపోయింది. ముందురోజు ఫోన్ చేసి చూడాలని ఉంది, రమ్మంది. పాపకు జ్వరమని చెబితే ‘పిల్లకు తగ్గాకే రా’ అంది. తెల్లవారుజామున పోయింది. వెళ్లలేకపోయానన్న బాధతో నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. పాప రోజూ ‘తాతమ్మ ఏది?’ అని అడుగుతుంది. ఊరికి వెళ్లిందని చెబుతున్నాను. గేటు చప్పుడైతే చాలు, తాతమ్మ వచ్చిందంటూ పరుగెడుతుంది. పిల్ల ముందు ఏడుస్తున్నానని మా అత్తయ్య అమ్మమ్మ ఫొటోను అక్కడి నుంచి తీసేసి బీరువాలో పెట్టారు. ‘ఎనభై దాటిన మనిషి, ఎన్నాళ్లు ఏడుస్తావు?’ అంటారు మావారు. పోయిన వారం అన్నం తినడం లేదని పాపను కొట్టాను. మనకు మైల లేదు, బతుకమ్మ ఆడుకోవచ్చని అత్తయ్య అంటున్నారు. గునుగు పూలకు రంగు అద్దడం నాకు నేర్పిందే అమ్మమ్మ. ఆమె లేకుండా పండుగ చేయాలని లేదు. ఆమె చివరగా పంపిన వాయిస్ మెసేజ్ ఇంతవరకు వినలేకపోయాను. పాప దగ్గర ఆమె మాట ఎత్తాలా, వద్దా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘పిల్లకు తగ్గాకే రా’ అన్నారు మీ అమ్మమ్మ. మీరేమో ఆ మాటను ముందూ వెనకా చూడకుండా దాటేసి, వెళ్లలేకపోయానన్న బాధ దగ్గరే ఉండిపోయారు. ఆమె మిమ్మల్ని రమ్మన్నదీ నిజమే, బిడ్డను చూసుకోమన్నదీ నిజమే. రెండోది ఆలోచించి చెప్పిన మాట. జ్వరంతో మూలుగుతున్న పిల్ల పక్కన రాత్రంతా కూర్చోవడం ఎలా ఉంటుందో మిమ్మల్ని పెంచిన మనిషికి తెలుసు. మీరు ఆమె మాట విన్నారు. కడసారి చూడలేకపోయానన్న వెలితి ఉంటుంది, దాన్ని మాన్పే మాట నా దగ్గర లేదు. కానీ వెలితి వేరు, తప్పు వేరు. మీరు తప్పు చేయలేదు.

ఇక పాప సంగతి. తాతమ్మ మాట ఎత్తండి. ఎత్తడమే కాదు, ‘ఊరికి వెళ్లింది’ అన్న మాటను ఈ వారమే సరిదిద్దండి. ఊరికి వెళ్లినవాళ్లు తిరిగి వస్తారని రెండున్నరేళ్ల పిల్లకు తెలుసు. నాన్న వెళ్తాడు, వస్తాడు. అందుకే పాప గేటు దగ్గరికి పరుగెత్తుతోంది. ఆమె రాకపోయిన ప్రతిసారీ ఆ చిన్న ప్రాణం మళ్లీ నిరాశ పడుతోంది. ‘నిద్రపోయింది’ అని కూడా చెప్పకండి, రాత్రి మీరు కళ్లు మూసుకుంటే భయపడవచ్చు. ‘దేవుడు తీసుకుపోయాడు’ అంటే అమ్మను కూడా తీసుకుపోతాడా అన్న దిగులు మొదలవుతుంది.

పాప కడుపు నిండి, ఆటలో ఉన్న వేళ చూసి పక్కన కూర్చోండి. ‘తాతమ్మ ఊరికి వెళ్లలేదమ్మా, నేను తప్పు చెప్పాను. తాతమ్మ చనిపోయింది. చనిపోతే ఒళ్లు పనిచేయడం ఆగిపోతుంది. ఇక తినదు, మాట్లాడదు, మన ఇంటికి రాదు. నాకు తాతమ్మ గుర్తొచ్చి ఏడుపు వస్తుంది. నేను నీ దగ్గరే ఉన్నాను.’ ఇంత చాలు. పాప సరేనని బొమ్మ చేతికి తీసుకుంటుంది. సాయంత్రం మళ్లీ ‘తాతమ్మ ఏది?’ అంటుంది. అర్థం కాలేదని కంగారు పడకండి. చావు అంటే ఇక ఎప్పటికీ రాకపోవడమని ఈ వయసు పిల్లలకు అందదు. అయిదేళ్లు దాటాక గానీ చాలామందికి ఆ ఊహ స్థిరపడదు. అడిగిన ప్రతిసారీ అవే మాటలు, అదే గొంతుతో చెప్పండి. మాట మారకపోవడమే పిల్లకు ధైర్యం.

పాప ముందు ఏడిస్తే ఏమవుతుందని మీ అత్తయ్యగారి భయం. ఆ భయంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ కారణం చెప్పి ఏడ్చిన ఏడుపు పిల్లలను పాడు చేయదు. కారణం తెలియని ముభావమే వాళ్లను ఎక్కువ భయపెడుతుంది, తన వల్లే అమ్మ ఇలా ఉందనుకుంటారు. లోపల అణచుకున్నది అన్నం గిన్నె దగ్గర కోపమై బయటపడిందని నాకు అనిపిస్తోంది. పాపను దగ్గరకు తీసుకుని ‘నిన్ను కొట్టడం తప్పు, నాకు కోపం వచ్చింది, ఇక కొట్టను’ అని చెప్పండి. ఒక్కసారి చేయి చేసుకున్నందుకు మీరు చెడ్డ తల్లి కారు. అలా మళ్లీ జరగబోతుంటే మాత్రం పాపను అత్తయ్యగారి చేతికిచ్చి పది నిమిషాలు మేడ మీదికి వెళ్లండి. ఫొటోను బీరువాలోంచి తీసి గోడకు పెట్టమని ఆమెనే అడగండి. ఆమె చేతులతో పెడితే బాగుంటుంది.

బతుకమ్మ గురించి మీరు రాసింది చదివి నా మనసు కదిలింది. ఒకటి గమనించండి. మన ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది ఏ రోజు? పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య రోజే. పొద్దున, చనిపోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చి, సాయంత్రం బతుకమ్మ ఎత్తుకుంటాం. పెద్దలను తలచుకోకుండా ఈ పండుగకు మొదలే లేదు. ఆరో రోజున అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. తొమ్మిది రోజుల పండుగలో ఒక రోజును మన ఆడవాళ్లు అలకకు వదిలేశారు. మీకు ఆడాలనిపించని రోజు ఆడకండి, దానికీ ఈ పండుగలో చోటుంది.

పేర్చడం మాత్రం మానకండి. మూడేళ్లలోపు చూసినవి పెద్దయ్యాక మనలో చాలామందికి గుర్తుండవు. తాతమ్మ ముఖం పాపకు గుర్తుండకపోవచ్చు, ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది. పాపకు తాతమ్మ దక్కేది ఇక మీ చేతుల ద్వారానే. గునుగు కట్టకు రంగు అద్దేటప్పుడు పాప చేతికీ రెండు పూలు ఇవ్వండి. ఒళ్లంతా రంగు పూసుకుంటుంది, పూసుకోనివ్వండి. అడుగున తంగేడు పరిచేటప్పుడు ఆమె ఏ పూవు ముందు పెట్టేదో, మీరు తప్పు పేరిస్తే ఏమనేదో చెప్పండి. సత్తుపిండి ఆమె ఎలా దంచేదో మీ అమ్మను అడిగి రాసి పెట్టుకోండి, ఆలస్యం చేయకండి. వేయిస్తంభాల గుడి దగ్గరికో, చివరిదైన సద్దుల రోజు పద్మాక్షి గుట్టకో వెళ్లాలని ఈ ఏడు పట్టుపట్టకండి. ఆ జనానికి, మైకుల హోరుకు చిన్నపిల్ల బెదురుతుంది. మీ వాడలో పదిమంది మధ్య రెండు చుట్లు తిరిగినా చాలు.

మీరు నిద్ర పట్టడం లేదన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకసారి డాక్టరుకు చూపించుకుని రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వాటిలో లోపం ఉన్నా ఇలాంటి నీరసం, చిరాకు ఉంటాయి. పాపను చూసుకోవడమే భారమైనా, బతకాలని లేదనిపించినా ఆ రోజే ఇంట్లో చెప్పి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీవారితో వాదించి లాభం లేదు. ఎనభై దాటిన మనిషి పోవడం ఆయనకు సహజంగా కనిపిస్తోంది. మీకు పోయింది తల్లి అని ఆయన ఇంకా గ్రహించలేదు. అందుకే ఆ వాయిస్ మెసేజ్‌ను మీరు ఒక్కరే వినకండి. పాప పడుకున్నాక ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి వినండి. అందులో ఏముందో నాకు తెలియదు, బహుశా పాప జ్వరం ఎలా ఉందని అడిగి ఉంటారు. పాపకు దాన్ని వినిపించడం తర్వాత సంగతి, ముందు మీరు వినండి.