5 వాట్ల హ్యాండ్‌హెల్డ్ రేడియోతో ఉపగ్రహం ద్వారా మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు, 5 వాట్ల రెండు బ్యాండ్ల (రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో పనిచేసే) రేడియో, చేత్తో పట్టుకునే చిన్న యాగీ ఆంటెనా (ఒకే దిశకు గురిపెట్టే కడ్డీల ఆంటెనా) ఉంటే, మన గొంతును తిరిగి ప్రసారం చేసే ఎఫ్ఎం ఉపగ్రహాలకు చాలు.

నేల మీద ఇదే రేడియో కొన్ని కిలోమీటర్లకే ఆగిపోయేది ప్రధానంగా భవనాలు, చెట్లు, భూమి వంపు అడ్డొచ్చే. ఆకాశం వైపు అలాంటి అడ్డేమీ ఉండదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌నే (అందుకున్న మాటను మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే పరికరం) తీసుకోండి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, ఒక్కోసారి పది నిమిషాల దాకా అందుబాటులో ఉంటుంది. 145.990 మెగాహెర్ట్జ్‌లో 67 హెర్ట్జ్ టోన్‌తో (రిపీటర్ మన సిగ్నల్‌ను గుర్తించేందుకు మాటతోపాటు వెళ్లే శబ్దం) పంపాలి, 437.800లో వినాలి. అయితే అది వేగంగా దూసుకొస్తుంది కాబట్టి డాప్లర్ ప్రభావం (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారినట్టు అందడం) వల్ల మొదట 437.810 దగ్గర వినిపిస్తుంది, నడినెత్తికొచ్చేసరికి 437.800, వెళ్లిపోయేటప్పుడు 437.790. ఈ మెట్లను ముందే వరుస ఛానెళ్లుగా సేవ్ చేసుకుంటే టెన్షన్ ఉండదు. పంపే వైపు తేడా చిన్నదే, మార్చక్కర్లేదు.

పవర్ పెంచితే పని అవుతుందనేది చాలామంది పొరపాటు. అసలు కష్టం వినడంలోనే ఉంది. రేడియోతో వచ్చే పొట్టి రబ్బరు ఆంటెనాకు సిగ్నల్ తరచూ అందదు. యాగీని ఉపగ్రహం వెంట తిప్పుతూ, మణికట్టును అటూ ఇటూ మెలితిప్పి చూడండి. ఒక కోణంలో బరబర తగ్గి గొంతు స్పష్టంగా తేలుతుంది. స్క్వెల్చ్ (బలహీన సిగ్నల్‌ను మూసేసే అమరిక) పూర్తిగా తెరిచే ఉంచాలి. ఉపగ్రహం వినిపించనంత వరకు పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే) బటన్ నొక్కొద్దు, అవతల మాట్లాడుతున్నవాళ్లకు అడ్డు తగులుతారు.