హైస్కూల్ బుక్ క్లబ్‌కి ఏ పుస్తకాలు పెట్టాలి?

ప్రశ్న: నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఈ ఏడాది 8, 9, 10 తరగతుల పిల్లలకు బుక్ క్లబ్ నడపమన్నారు. ఇంగ్లీషు పుస్తకాలు పెట్టాలా, తెలుగువా? పేరున్న పుస్తకాల లిస్టులు చూశాను గానీ, వాటిలో పిల్లలు నిజంగా చదివేవి ఏవో తెలియడం లేదు.

జవాబు:

నేను సికింద్రాబాద్ వైపు ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. కొన్నేళ్లుగా శనివారం మధ్యాహ్నాలు నాకు ఇదే పని. పేర్లు తర్వాత చెప్తాను. ముందు ఏ పుస్తకం పట్టుకున్నా, దాని మీద పిల్లలు రెండు జట్లుగా చీలి వాదించుకుంటారా అన్నది చూసుకోండి. చదవడం ఎలాగూ ఇంట్లోనే అయిపోతుంది, క్లబ్బుకి వచ్చేది మాట్లాడుకోవడానికే. అందరూ తలూపేసే పుస్తకమైతే పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి. మిగతా టైమంతా మీరు లెక్చర్ దంచాలి, వాళ్లు గడియారం చూడాలి.

ఒక పుస్తకం అనుకోగానే నేను దాని మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకుంటాను. ఆ ప్రశ్నకి పిల్లలందరూ ఏం చెప్తారో ముందే ఊహించగలిగితే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను. అందుకే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వద్దంటాను. పేరెంట్స్‌కి అవంటే మహా ఇష్టం, మీటింగుల్లో పట్టుబట్టి అడుగుతారు కూడా. పిల్లలేమో "అవును మేడమ్, టైమ్ మేనేజ్‌మెంట్ చాలా ముఖ్యం" అంటారు. అక్కడితో ఆ పుస్తకం కథ కంచికి.

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషులో కళ్లు మూసుకుని పెట్టగలిగింది జార్జ్ ఆర్వెల్ రాసిన యానిమల్ ఫామ్. 1945 నాటి పుస్తకం, వంద పేజీలు అటూ ఇటూ, భాష తేలిక. యజమానిని తరిమేసి జంతువులే ఫారం నడుపుకుంటాయి, మెల్లగా పెత్తనమంతా పందుల చేతికి పోతుంది. అందులో బాక్సర్ అనే గుర్రం ఉంటుంది. అందరికంటే ఎక్కువ గొడ్డుచాకిరీ చేసేది అదే, పందులు ఏం చెప్పినా నమ్మేదీ అదే. చివరికి ఒళ్లు సహకరించక కూలబడితే, ఆసుపత్రికి పంపిస్తున్నామని చెప్పి కబేళాకి అమ్మేస్తారు. "బాక్సర్ తప్పు ఏమైనా ఉందా?" అని అడిగి నేను ఊరుకున్నాను. సగం మంది, పాపం దానికి నాలుగు అక్షరాలు దాటి చదువే రాలేదు, నమ్మితే తప్పేంటి అన్నారు. మిగతా సగం, అది నమ్మబట్టే కదా పందులు అంతకు తెగించాయి అన్నారు. అప్పటిదాకా నోరు విప్పని ఒకబ్బాయి, "మా డాడీ కూడా అంతే మేడమ్, ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వకపోయినా ఆదివారం డ్యూటీకి పోతడు. ఎందుకు అంటే మన కంపెనీయే కదా అంటడు" అన్నాడు. ఆ తర్వాత గుర్రం సంగతి పక్కకి పోయి అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో సంగతులు చెప్పుకున్నారు. ఈ కథ రష్యా విప్లవం మీద, స్టాలిన్ మీద వేసిన వ్యంగ్యమన్న సంగతి ముందే చెప్పకండి. చెప్పారంటే ఏ పంది ఎవరు అని జతపరచడం మొదలుపెడతారు, పరీక్ష పేపరు అయిపోతుంది. చర్చ అయ్యాక చెప్పండి, అప్పుడు ఒళ్లంతా చెవులు చేసుకుని వింటారు.

ఈ పుస్తకంతో ఇంకో సౌకర్యం ఉంది. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది. ఆర్వెల్ 1950లో పోయారు, కాబట్టి 2011 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే రకరకాల పబ్లిషర్లవి చవకగా దొరుకుతాయి. అయితే పిల్లలందరికీ ఒకే ప్రచురణ కొనండి. ఒకడి పుస్తకంలో 41వ పేజీలో ఉన్నది ఇంకొకడికి 57లో ఉంటే, వెతుక్కోవడంతోనే పీరియడ్ గడిచిపోతుంది.

ఇక తెలుగు సంగతి. ఒక నెల ఇంగ్లీషు, ఒక నెల తెలుగు అని పెట్టుకోండి. 2018 చట్టం వచ్చాక తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు నేర్పాల్సిందే గనక అక్షరాలు అందరికీ వస్తాయి. రానిది స్పీడు. తెలుగులో ఒక పేజీ చదివేలోపు ఇంగ్లీషులో నాలుగు పేజీలు లాగించే పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిలో మూడొందల పేజీల నవల పెడితే రెండో వారం నుంచి కనబడరు. కథలతో మొదలుపెట్టండి. సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద ఉన్నాయి, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, బాపు బొమ్మలు. ఒక్కొక్కళ్లకి ఒక్కో కథ ఇచ్చి "ఇది పుస్తకంలో ఉండాలా, తీసేయాలా?" అని అడగండి. తీసేయాలని ఒకరు అంటే చాలు, ఆ కథ చదవనివాళ్లు కూడా అక్కడికక్కడే చదివేసి కొట్లాటకి దిగుతారు.

మహమ్మద్ ఖదీర్ బాబు దర్గామిట్ట కతలు మాత్రం పిల్లల చేతికి ఇచ్చి ఊరుకోవద్దు, పైకి చదివించండి. నెల్లూరు యాస కంటితో చదివితే హైదరాబాద్ పిల్లలకి తడబాటు, చెవిన పడితే నవ్వు. మా క్లబ్బులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక ముస్లిం అమ్మాయి, ఆ పుస్తకం పట్టుకున్న నెలలో ముందుకొచ్చి కూర్చుంది. ఒక్కో కథ అయ్యాక "మా నానీ ఇంట్లో ఇట్ల కాదు, ఇంకో తీరు ఉంటది" అని మొదలుపెట్టేది. క్లాసులో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఏడాదిలో ఒక్క పుస్తకంలోనైనా తన ఇల్లు కనబడాలని అప్పటి నుంచి చూసుకుంటున్నాను. ఆ లెక్కలోనే వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి కూడా పెట్టాను. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దేశ్‌ముఖ్, వెట్టి. మొదట్లో కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. ఇంటికెళ్లి తాతయ్యనో నానమ్మనో వెట్టి గురించి అడిగి రమ్మంటే మాత్రం, పుస్తకంలో లేనివి కూడా మోసుకొస్తారు.

ఎనిమిదో తరగతికి రైలుబడి. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన తోతోచాన్‌కి తెలుగు అది. పాత రైలు పెట్టెల్లో క్లాసులు, మొదటి రోజే ఒక చిన్నపిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు కూర్చుని వినే హెడ్మాస్టరు. ఆయన పిల్లల్ని రోజూ బాక్సులో సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం తెమ్మంటాడు. మేము ఆ శనివారం టిఫిన్ బాక్సులు తెరిచి చూశాం. పప్పన్నం, ఆవకాయ, రెండు చపాతీ రోల్స్, ఒకరిది పులిహోర. సముద్రం ఎవరి బాక్సులోనూ లేదని తేలిపోతుండగా, పప్పన్నం తెచ్చినవాడు "ఉప్పు సముద్రందే కదా మేడమ్" అన్నాడు. దాని మీద ఓటింగ్ కూడా జరిగింది. ఇంత చిన్న పుస్తకంలోనూ గట్టి ప్రశ్న ఒకటి ఉంది: ఇలాంటి బడిలో చదివితే మన పోటీ పరీక్షలు గట్టెక్కుతామా? ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకి పోయే పిల్లలు ఈ ప్రశ్న దగ్గర చాలా సీరియస్ అయిపోతారు. మా ప్రిన్సిపాల్ గారు సరిగ్గా ఆ టైముకే లోపలికి వచ్చి కాసేపు నిలబడి విన్నారు. ఏమీ అనలేదు.

సినిమాగా వచ్చిన పుస్తకాలంటే చాలామంది టీచర్లు భయపడతారు. నాకైతే అదే కావాలి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం 2019లో తానా (అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం) నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమా వచ్చింది. కరువుకి గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవిలోకి పోయే మనుషులు, వాళ్లతో పాటు ఉద్యోగం దొరకని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. సినిమాలో ఉన్న ప్రేమకథ నవలలో లేదు. సినిమా మాత్రమే చూసి వచ్చినవాళ్లు అక్కడ టక్కున దొరికిపోతారు. దొరికినవాళ్లని ఏమీ అనకండి, "మరి డైరెక్టర్ దాన్ని ఎందుకు కలిపాడు?" అని వాళ్లనే అడగండి. ఇది పొడుగు పుస్తకం, సీమ యాస, అందుకని దసరా సెలవుల ముందు చేతిలో పెట్టాలి. పొడుగువన్నీ దసరాకే. సంక్రాంతి సెలవులు చాలవు.

ఆన్ ఫ్రాంక్ డైరీ గురించి తప్పకుండా అడుగుతారు. పెట్టండి. పదమూడో పుట్టినరోజుకి డైరీ అందుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఇంటివాళ్లతో దాక్కున్న యూదుల పిల్ల రాసింది మన పిల్లలకి నేరుగా తగులుతుంది. కాకపోతే ఏ ప్రచురణో చూసుకోండి. 1947లో వాళ్ల నాన్న వేయించినప్పుడు కొన్ని భాగాలు తీసేశారు. అమ్మ మీద కోపాలు, ఒంట్లో వచ్చే మార్పుల గురించి రాసుకున్నవి 1990లలో వచ్చిన పూర్తి ప్రచురణలో చేర్చారు. నాకు పూర్తిదే నచ్చుతుంది, అమ్మతో గొడవ లేకపోతే ఆ డైరీలో సగం ప్రాణం లేదు. కానీ ఒక పేరెంట్ ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేదాకా ఆగొద్దు. జూన్‌లోనే ఏడాది పుస్తకాల పేర్లు, ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు ఇళ్లకి పంపేయండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెప్తారు, చాలామంది చెప్పరు. ఈ ధైర్యం రావాలంటే మాత్రం ప్రతి పుస్తకం ముందు మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి ఉండాలి. వెనక అట్ట చూసి పెట్టొద్దు.

పుస్తకం మీరే ఎంచి చేతిలో పెడితే హోమ్‌వర్క్ లాగే ఉంటుంది. పూర్తిగా పిల్లలకే వదిలేస్తే ఏడు భాగాల ఫాంటసీలో మొదటిది పట్టుకొస్తారు, అది ఏడాదికీ తెమలదు. నేను మూడు పుస్తకాలు తీసి, ఒక్కోదాని మొదటి నాలుగు పేజీలు పైకి చదివి, ఓటు వేయిస్తాను. చీటీల మీదే వేయించండి. చేతులెత్తమంటే అందరూ క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల ఎటు ఎత్తిందో చూసి ఎత్తుతారు.

కొనడానికి తెలుగువైతే కాచిగూడలో నవోదయ, పిల్లల పుస్తకాలకి తార్నాకలో మంచి పుస్తకం వాళ్లు మీకు నాచారం నుంచి దగ్గరే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒకటీ అరా కాపీ లైబ్రరీకి తెచ్చుకోవచ్చు గానీ ఒకే పుస్తకం ఇరవై కాపీలు అక్కడ దొరకవు. దొరికాయంటే అవి పైరసీవే, మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. బుక్ ఫెయిర్‌కి పిల్లల్ని తీసుకెళ్లి, ఒక్కొక్కళ్ల చేతిలో కొంచెం డబ్బు పెట్టి, వచ్చే ఏడాది క్లబ్బుకి ఒక పుస్తకం తెమ్మనండి. ఎందుకు తెచ్చారో చెప్పాలి, అదొక్కటే షరతు. మా షార్ట్‌లిస్టులో సగం ఇప్పుడు అలా వచ్చినవే.

పదో తరగతి వాళ్ల మీద మాత్రం పెద్దగా ఆశలు పెట్టుకోకండి. దసరా దాటితే స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ఇంట్లో టెన్షన్. నవంబరు తర్వాత వాళ్లకి కొత్త పుస్తకం ఇవ్వొద్దు, ఇచ్చినా అట్ట కూడా తెరవరు. అయినా వాదన కోసం ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు. చదవకుండా వచ్చారని బయటికి పంపొద్దు. తొమ్మిదో తరగతి వాళ్లని "అసలు కథేంటి?" అని వాళ్లే అడుగుతారు. వీళ్లు తలో రకంగా చెప్తారు, అక్కడే కొత్త గొడవ మొదలవుతుంది.