రెండు లక్షల ఫండ్లు దాచుకుని, పదిహేను వేల కోసం ఫోన్ తాకట్టు పెట్టారు

ప్రశ్న: నా వయసు 33. హన్మకొండలో మందుల డిస్ట్రిబ్యూషన్ సంస్థలో పనిచేస్తాను. జీతం చేతికి 38,000 వస్తుంది. అద్దె, స్కూలు ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 27,000. మూడేళ్లుగా నెలకు 5,000 ఈక్విటీ ఫండ్‌లో సిప్ చేస్తున్నాను, ఇప్పుడు 2,10,000 ఉంది. గత నెల అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. బిల్లుకు 15,000 తక్కువ పడితే ఫోన్‌లో అర్జంట్ లోన్ అని వెతికి, ఒక సైట్‌లో నంబర్, పాన్ ఇచ్చాను. ఆ సాయంత్రం నుంచి కాల్స్ ఆగలేదు. వాట్సాప్‌లో వచ్చిన లింకుతో ఒక యాప్ వేసుకున్నాను. 20,000 మంజూరైంది అన్నారు, ఖాతాలో 15,200 పడ్డాయి, 15 రోజుల్లో 21,000 కట్టాలి. గడువు దాటి మూడు రోజులైంది. మా బావమరిదికి, మేనేజర్‌కు మెసేజ్‌లు పెట్టారు. ఇంకో యాప్ 60,000 ఇస్తానంటోంది. అది తీసుకుని ఇది తీర్చేయనా? నా వివరాలు వాళ్ల దగ్గర తీసేయించడం ఎలా? కొత్త నంబర్ తీసుకోవాలా?

జవాబు: తీసుకోవద్దు. ఆ రెండో యాప్‌ను ఈ జవాబు పూర్తిగా చదవకముందే ఫోన్‌లోంచి తీసేయండి. ఇంకా వేసుకోకపోతే లింకు నొక్కకండి.

మొదటి అప్పు లెక్క మీరు వేసుకున్నట్టు లేదు. చేతికొచ్చింది 15,200. పదిహేను రోజులకు దాని మీద 5,800. రెండు వారాలకు 38 శాతం, ఏడాదికి చూస్తే 900 శాతం దాటుతుంది. ఊళ్లో రోజువారీ వడ్డీ తిప్పే వ్యాపారి కూడా ఈ రేటు నోటితో చెప్పడానికి మొహమాటపడతాడు. దీన్ని తీర్చడానికి ఇంకో యాప్ అంటే నాకు కోపమే వస్తోంది.

మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందరిదీ ఒకటే తప్పు. సిప్‌ను ముట్టుకోకూడదని గట్టిగా నియమం పెట్టుకుంటారు, అత్యవసర నిధి మాత్రం ఉండదు. అవసరం పడ్డ రోజు సిప్‌ను కాపాడటం కోసం ఫోన్‌లో అప్పు వెతుకుతారు. మీ ఫండ్‌లో 15,000 విలువైన యూనిట్లు అమ్మి ఉంటే రెండు మూడు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడేది. ఆ రెండు రోజులకు బావమరిదిని చేబదులు అడగాల్సింది. అడగడానికి మొహమాటపడి ఉంటారు. ఇప్పుడు ఆయనకు ఎలాగూ తెలిసిపోయింది.

మీ వివరాలు ఎవరో దొంగిలించారని అనుకుంటున్నట్టున్నారు. చాలావరకు మీరే ఇచ్చారు, ఎలాగో చూడండి. అప్పుల సైట్లలో చాలావాటిలో ప్రకటనల కంపెనీల కోడ్ ఉంటుంది. మీరు ఏ పేజీ తెరిచారో, ఫారం సగంలో ఆపేశారో అది గమనిస్తుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఒక అడ్వర్టైజింగ్ ఐడీ ఉంటుంది. యాప్‌లన్నింటికీ అది కనిపిస్తుంది కాబట్టి, ఒక చోట అప్పు కోసం చూసిన మనిషికి క్రికెట్ స్కోరు యాప్‌లోనూ అప్పు ప్రకటనే ఎదురవుతుంది. ఇంతవరకు మీ పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. సైట్‌లో నంబర్, పాన్ ఇచ్చి 'కొనసాగించండి' నొక్కగానే ఆ ముసుగు పోయింది. ఆ బటన్ కింద చిన్న అక్షరాల్లో 'మా భాగస్వాములతో పంచుకోవడానికి అంగీకరిస్తున్నాను' అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. మా వ్యాపారంలో దాన్ని లీడ్ అంటారు. ఒకే లీడ్‌ను పదిమంది ఏజెంట్లకు అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లలో నాలాంటి సలహాదారులూ ఉన్నారు. ప్రకటనల కాల్స్ వద్దని పెట్టుకునే డీఎన్‌డీ ఉంది కదా అంటే, 'ఆయనే ఒప్పుకున్నారు' అని ఆ టిక్కు చూపిస్తారు.

అసలు నష్టం యాప్ దగ్గర జరిగింది. కాంటాక్ట్స్, మెసేజ్‌లు, ఫొటోలు, లొకేషన్ అన్నింటికీ 'అలౌ' కొట్టి ఉంటారు. ఆస్పత్రి కౌంటర్ ముందు నిలబడినవాళ్లు ఏది అడిగినా అలౌ కొడతారని వాళ్లకు బాగా తెలుసు. ఈ నాలుగింట్లో జనం తేలిగ్గా తీసుకునేది మెసేజ్‌ల అనుమతి. ఓటీపీ కోసమే కదా అనుకుంటారు. మీ జీతం ఏ తారీఖున పడుతుందో, ఎప్పటికి ఖాతా అడుగంటుతుందో, ఏ ఈఎంఐ బౌన్స్ అయిందో, కార్డు బకాయి ఎంతో అన్నీ బ్యాంకు మెసేజ్‌లలోనే ఉంటాయి. మీ భార్యకు కూడా తెలియని సంగతులు ఆ యాప్‌కు ఒక్క నిమిషంలో తెలుస్తాయి. కాంటాక్ట్స్ తీసుకునేది వసూళ్ల కోసం. ఫొటోలు మార్ఫింగ్ బెదిరింపుల కోసం.

ఇది కొత్త కథేం కాదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నాకే అంత కదలిక వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ మార్గదర్శకాలిచ్చింది, 2025 మేలో వాటిని డైరెక్షన్స్‌గా మార్చింది. వాటి ప్రకారం అప్పు యాప్ మీ కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైళ్లు, ఫొటోల జోలికి పోకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మీ అనుమతితోనే. మొత్తం ఖర్చు ఏడాది శాతంలో ముందే చూపించాలి. గూగుల్ కూడా 2023లో అప్పు యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు నిషేధించింది. 60 రోజుల్లోపే మొత్తం కట్టమనే యాప్‌లకు ప్లే స్టోర్‌లో చోటే లేదు. మీ యాప్ వాట్సాప్ లింకులో ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందుగా స్క్రీన్‌షాట్లు: అప్పు వివరాల పేజీ, బెదిరింపు మెసేజ్‌లు, కాల్స్ వచ్చిన నంబర్లు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీలు. తర్వాతే యాప్ అనుమతులన్నీ తీసేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. దాంతో ఇప్పటికే వాళ్ల సర్వర్‌కు వెళ్లినవి వెనక్కి రావు, కొత్తవి పోకుండా మాత్రం ఆగుతాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీని కూడా డిలీట్ చేయండి.

అప్పు పత్రంలో ఏదైనా బ్యాంకు, లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరుందేమో చూడండి. అప్పు యాప్‌ల జాబితా 2025 జులై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంటోంది. అందులో వివరాలు సంస్థలే ఇచ్చుకుంటాయి కాబట్టి దాన్ని యోగ్యతాపత్రం అనుకోకండి, పేరు సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. సంస్థ నిజమైనదైతే నేరుగా ఈమెయిల్ రాసి, దాని లోన్ ఖాతాకే కట్టి, బకాయి లేదనే నో డ్యూస్ పత్రం తీసుకోండి. ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకుంటున్నానని, నా డేటా తొలగించాలని అదే ఈమెయిల్‌లో అడగండి. ఆ హక్కు ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. వేధింపుల మీద ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

ఏ పేరూ లేకపోతే వాళ్లు పంపే యూపీఐ ఐడీలకు ఒక్క రూపాయి కూడా వేయకండి. భయపడి కట్టినవాళ్లను మళ్లీ మళ్లీ అడుగుతారు. 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబర్‌తో స్టేషన్‌కు వెళ్లండి. ఇలాంటివాళ్ల దగ్గరున్న మీ వివరాలు తొలగించడం ఎవరివల్లా కాదు. డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు. చట్టాన్ని లెక్కచేయని యాప్‌కు గడువుతో పనేముంది?

పాన్ మీరే ఇచ్చారు, యాప్‌కు ఆధార్, సెల్ఫీ కూడా ఇచ్చే ఉంటారు. అవి ముగ్గురు నలుగురి చేతుల్లో పడి ఉంటాయి కాబట్టి మీ పేరుతో వేరే అప్పు పుట్టే ప్రమాదం ఉంది. ఏడాదికోసారి ఒక్కో క్రెడిట్ బ్యూరో ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలి. బ్యూరోలు నాలుగున్నాయి కాబట్టి మూడేసి నెలలకు ఒకటి చొప్పున తెప్పించుకోండి. మీ రిపోర్టును ఏ సంస్థ తెరిచినా మెసేజ్ రావాలి, అది స్పామ్ అని కొట్టేయకండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి.

ఇక డబ్బు. మీ ఫండ్‌లో ఈ వారమే లక్ష రూపాయలు అమ్మేయండి. ఏడాది దాటిన యూనిట్లకు ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము) సాధారణంగా ఉండదు, మీ లాభం ఏడాదికి 1,25,000 పరిమితికి దరిదాపుల్లో లేదు కాబట్టి పన్నూ పడదు. అందులో 20,000 ఈ యాప్ గొడవ తేలేదాకా పక్కన ఉంచండి. మిగిలిన 80,000 అత్యవసర నిధి. మీ ఇంటికి నాలుగు నెలల ఖర్చు 1,08,000 కావాలి. ఆరు నెలలు సిప్ ఆపి ఆ 5,000 ఇందులో వేస్తే సరిపోతుంది. సిప్ ఆపమంటే మీకు ప్రాణం విలవిల్లాడుతుందని తెలుసు, అయినా ఆపండి. ఖర్చూ సిప్పూ పోను నెలకు ఇంకో 6,000 మిగలాలి, అది ఎటు పోతోందో మీరు రాయలేదు. నిధిలో సగం జీతం పడని వేరే బ్యాంకు సేవింగ్స్‌లో ఉంచండి, దానికి యూపీఐ పెట్టుకోకండి. మిగతా సగం ఎఫ్‌డీ. రాబడి ఎంత అని నన్ను అడగొద్దు. ఆ కౌంటర్ దగ్గర మీ ఖాతాలో ఈ డబ్బు ఉండి ఉంటే, మీరు అర్జంట్ లోన్ అని వెతికేవారే కాదు, ఆ నాలుగు అనుమతులూ ఇచ్చేవారు కాదు.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ నయం, అదీ నిధి అయిపోయాకే. అమ్మగారికి ఆరోగ్య బీమా తీసుకోండి, ప్రీమియం ఎంతో తెలుసుకోవడానికి మళ్లీ పోలిక సైట్లో నంబర్ ఇవ్వకండి, కంపెనీ ఆఫీసుకు వెళ్లి అడగండి. ఆరోగ్యశ్రీకి మీ కుటుంబం అర్హమో కాదో ఆస్పత్రిలో ముందే విచారించాల్సింది.

కొత్త నంబర్ విషయం: పాత నంబర్ వదలకండి. బ్యాంకు, ఆధార్, ఫండ్ ఖాతాలన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. మీరు వదిలేస్తే కొన్నాళ్లకు టెలికాం కంపెనీ దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది, మీ మెసేజ్‌లు వాళ్లకు పోతాయి. ఫారాలకు, ఆన్‌లైన్ షాపింగ్‌కు విడిగా ఒక చౌక సిమ్ పెట్టుకోండి. మీ మేనేజర్‌కు మాత్రం వాళ్లు ఇంకో మెసేజ్ పెట్టకముందే మీరే వెళ్లి జరిగింది చెప్పి, ఫిర్యాదు నంబర్ చూపించండి.