ట్రాయ్ సినిమాలో దేవతలు ఎందుకు కనిపించరు?

2004లో వచ్చిన ‘ట్రాయ్’ సినిమా ట్రాయ్ యుద్ధం గురించి ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన ‘ఇలియడ్’ కావ్యానికి ఎందుకంత దూరం జరిగిందని, పాశ్చాత్య ప్రేక్షకుల కోసం అందులో అసలు ఏం మార్చారని మీరు అడిగారు. ఇలియడ్‌ను ఆంగ్లానువాదంలో చదువుకుని, ఆ తర్వాత డిగ్రీ విద్యార్థులకు కావ్యాన్నీ సినిమానూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

పదేళ్ల యుద్ధాన్ని కొద్ది వారాలకు కుదించడం, ఇలియడ్ కథాకాలానికి తర్వాతిదైన కొయ్యగుర్రాన్ని (గ్రీకులు అందులో దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడతారు) చేర్చడం నిడివి కోసం, ముగింపు కోసం చేసినవి. అసలు మార్పు దేవతలను తొలగించడమే. గ్రీకు వీరుడు అకిలీస్ తల్లి, సముద్రదేవత థెటిస్ ఒక్కతే కనిపిస్తుంది, ఆమె కూడా దాదాపు మామూలు స్త్రీలాగే ఉంటుంది. మన పౌరాణిక చిత్రాలు చూస్తూ పెరిగిన నా విద్యార్థులకు దేవుడు మనుషుల మధ్యకు నడిచి రావడం వింత కాదు కాబట్టి ఈ లోటును వాళ్లు వెంటనే పట్టుకున్నారు.

ఇలియడ్ ఇరవై రెండవ సర్గలో ట్రాయ్ యువరాజు హెక్టర్ అకిలీస్‌ను చూసి మొదట భయపడి కోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తుతాడు. గ్రీకుల పక్షాన ఉన్న దేవత ఎథీనా అతని తమ్ముడు డియిఫోబస్ రూపంలో వచ్చి పక్కన నిలబడి ధైర్యం చెబుతుంది. తాను విసిరిన ఈటె అకిలీస్ డాలుకు తగిలి వెనక్కి పడ్డాక, మరో ఈటె అందుకోవడానికి హెక్టర్ తమ్ముణ్ణి పిలుస్తాడు, కానీ అక్కడెవరూ ఉండరు. దేవతలు తనను మోసగించారని, చావు తప్పదని ఆ క్షణంలో గ్రహించి, కనీసం పేరు నిలిచేలా చనిపోవాలని కత్తి దూసి ముందుకు ఉరుకుతాడు. సినిమాలో పరుగు లేదు, మోసం లేదు. తన నిర్ణయానికి తానే బాధ్యుడైన వీరుడు తిన్నగా వచ్చి పోరాడి ఓడిపోతాడు. ఆధునిక పాశ్చాత్య ప్రేక్షకుడు గౌరవించేది ఇలాంటి వీరుణ్ణే అని నాకనిపిస్తుంది. కానీ భయపడిన మనిషి చివరి నిమిషంలో కూడగట్టుకున్న ధైర్యమే ఎక్కువ గొప్పదని నేను నమ్ముతాను.

దేవతలూ విధీ లేని కథలో న్యాయం తెరమీదే జరిగిపోవాలి. అందుకే సినిమాలో గ్రీకు రాజు మెనలాస్‌ను హెక్టర్, మెనలాస్ అన్న, గ్రీకు సేనల నాయకుడు అయిన అగమెమ్నాన్‌ను బందీగా పట్టుబడిన బ్రైసియిస్ అనే యువతి చంపేస్తారు. గ్రీకు సంప్రదాయంలో మెనలాస్ యుద్ధానికి కారణమైన తన భార్య హెలెన్‌తో కలిసి స్పార్టా చేరి హాయిగా బతుకుతాడు. అగమెమ్నాన్ ఇల్లు చేరాకే, భార్య క్లైటెమ్నెస్ట్రా పన్నిన కుట్రకు బలవుతాడు.

మార్చడాన్నే నేను తప్పుపట్టను. క్రీ.పూ. 412లో గ్రీకు నాటకకర్త యురిపిడిస్ తన నాటకంలో హెలెన్ ట్రాయ్‌కే వెళ్లలేదని, ఆమె ఈజిప్టులో ఉండగా గ్రీకులు ఒక మాయారూపం కోసం పోరాడారని చూపించాడు. ఆ మార్పు మొత్తం యుద్ధాన్నే ప్రశ్నించింది. మార్పు వల్ల కథ లోతు పెరిగిందా, తగ్గిందా అన్నదే నా కొలమానం.

కొడుకు హెక్టర్ శవం కోసం ట్రాయ్ రాజు ప్రయామ్ శత్రువు అకిలీస్ గుడారానికి వచ్చి, ఆ కొడుకును చంపిన చేతులనే ముద్దాడే ఘట్టాన్ని సినిమా ఎంతో శ్రద్ధగా తీసింది. అయితే అందులో అకిలీస్ తండ్రి అప్పటికే చనిపోయాడని చెబుతారు. ఇలియడ్‌లో పీలియస్ బతికే ఉన్నాడు. నీ కోసం ఎదురుచూస్తున్న ముసలి తండ్రిని తలుచుకోమని ప్రయామ్ వేడుకుంటాడు, తాను తిరిగి వెళ్లనని తెలిసిన అకిలీస్ ఆ మాటకే కరిగిపోయి అతనితో కలిసి ఏడుస్తాడు. మొత్తం కావ్యం చదివే వీలు లేకపోతే ఇరవై రెండు, ఇరవై నాలుగు సర్గలైనా చదివి, ఆ తర్వాత సినిమాను మళ్లీ చూడండి.