పగటి కరెంటు, రాత్రి కరెంటు

మీ ప్రశ్నలకు జవాబులు: ఈసారి కరెంటు, వాతావరణం గురించి వచ్చిన ఉత్తరాలు తీసుకున్నాం. జవాబులిస్తున్నవారు 19 ఏళ్ళు బొగ్గు విద్యుత్ కేంద్రంలో, తర్వాత 12 ఏళ్ళు కరెంటు ఉత్పత్తినీ వాడకాన్నీ అనుక్షణం సరితూచే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో పనిచేసి రిటైరైన ఇంజనీర్.

ప్రశ్న: థర్మల్ కేంద్రాల చిమ్నీల నుంచి ఒకప్పుడు నల్లటి పొగ వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల ఏమీ కనిపించడం లేదు. అంటే వాతావరణానికి హాని తగ్గినట్టేనా? – ఒక గృహిణి

జవాబు: ఊపిరితిత్తులకు హాని తగ్గిందమ్మా, అది నిజం. చిమ్నీకి ముందు ఈఎస్‌పీ అని ఇల్లంత పెట్టెలుంటాయి. వాటిలో హై వోల్టేజీ పెట్టిన తీగలు బూడిదకి విద్యుదావేశం ఎక్కిస్తే, పక్కనున్న లోహపు పలకలు దాన్ని లాక్కుని పట్టుకుంటాయి. సుత్తులు ఆ పలకల్ని కొడుతుంటే బూడిద కిందికి రాలుతుంది. మీరు చూసిన నలుపు చాలావరకు అదే. భూమిని వేడెక్కించేది మాత్రం బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. దానికి రంగు లేదు, ఈఎస్‌పీకి అది చిక్కదు.

నేను ట్రైనీగా చేరిన మొదటి వారంలో మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు బాయిలర్ పీప్‌హోల్ తెరిచి, నీలం అద్దం చేతికిచ్చి చూడమన్నారు. పిండిలా నూరిన బొగ్గు గాలితో పాటు లోపలికి చిమ్ముతూ అక్కడికక్కడే మండిపోతోంది. అది 200 మెగావాట్ల యూనిట్. గంటకి ఎంత పోతుందని అడిగితే వంద టన్నుల పైమాటే అన్నారు. 12 గ్రాముల కార్బన్ మండితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ఇంటర్‌లో బట్టీపట్టినవాణ్ణే. కానీ బరువు తగ్గడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుని మూడున్నర రెట్లు దాటుతుందన్న సంగతి ఆ మంట ముందు నిలబడినప్పుడే ఒంటికి తగిలింది. ఆ రాత్రి షిఫ్ట్ దిగాక చిమ్నీ వైపు చూశాను. పైన ఏమీ కనిపించలేదు.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉంది. ఇప్పుడు 420 దాటింది.

ప్రశ్న: సోలార్ ఇంత చవకైంది కదా, బొగ్గు కేంద్రాల్ని రేపే ఎందుకు మూసేయరు? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: రేపే మూసేస్తే, సాయంత్రం చీకటి పడగానే కరెంటు పోతుంది తల్లీ. లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో గోడ మీద పెద్ద అంకె ఒకటి వెలుగుతూ ఉంటుంది: 50.00. అది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కేంద్రాలనీ ఇళ్ళనీ కలిపే తీగల వలలో కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో చెప్పే అంకె. వాడకం ఎక్కువైతే ఆ అంకె జారుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే ఎగబాకుతుంది. పన్నెండేళ్ళు నా ఉద్యోగమంతా ఆ అంకెను కాపాడటమే. పొద్దు వాలుతుంటే తెర మీద సోలార్ గీత దిగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్ళల్లో లైట్లు పడతాయి. ఆ రెండు గంటలూ చేతిలో ఫోన్ కింద పెట్టే వీలుండేది కాదు. మొత్తం వాడకంలోంచి సోలార్‌ని తీసేసి, మిగతా కేంద్రాలు ఇవ్వాల్సింది గీస్తే వచ్చే గీతకి కాలిఫోర్నియా గ్రిడ్‌వాళ్ళు 2013లో బాతు గీత అని పేరు పెట్టారు. మధ్యాహ్నం బాతు కడుపులా లోతుగా దిగి, సాయంత్రం మెడలా నిటారుగా లేస్తుంది.

మధ్యాహ్నం సంగతి ఇంకో రకం. చల్లారిన బాయిలర్‌ని మళ్ళీ వెలిగించి ఫుల్ లోడ్‌కి తేవడానికి గంటల కొద్దీ పడుతుంది. అందుకని సాయంత్రానికి కావాలి కాబట్టి పగలంతా దాన్ని కనీస లోడ్ మీద మండిస్తూనే ఉంచాలి. అలాంటి రోజుల్లో, ఎండ దివ్యంగా కాస్తుండగా, సోలార్ ఉత్పత్తి తగ్గించుకోమని నేనే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. ఊరికే వచ్చే వెలుగుని వద్దని, బొగ్గుని మండనివ్వడం. ఆ ఫోన్ చేసిన ప్రతిసారీ బాధేసేది, ఇప్పటికీ వేస్తుంది.

కాబట్టి యూనిట్ ఎంత చవక అని మాత్రమే చూస్తే సరిపోదు. ఏ గంటకి వచ్చే యూనిట్ అన్నది చూడాలి. సాయంత్రం యూనిట్ కావాలంటే బ్యాటరీలు కావాలి, పగలు నీళ్ళు పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ కావాలి, గాలి వీచే చోటి నుంచి లైన్లు కావాలి. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. దూరంగా ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్ అయితే, మేం ఫోన్ ఎత్తేలోపే అలాంటి బ్యాటరీ కరెంటు అందించేస్తుంది. ఆ రోజుల్లో మా దగ్గర ఒక్కటున్నా ఎంత బాగుండేదో!

బొగ్గు మానడం జరగని పని అనుకోవద్దు. బ్రిటన్‌లో 1882లో లండన్‌లో బొగ్గు విద్యుత్ మొదలైంది. 2012లో కూడా వాళ్ళ కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2013 నుంచి కరెంటు కేంద్రాలు వదిలే కార్బన్‌కి కనీస ధర పెట్టారు, సముద్రంలో గాలిమరలు వరసగా నిలబెట్టారు, కొంత గ్యాస్‌తో సర్దుకున్నారు. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రం ఆగిపోయింది. పన్నెండేళ్ళలో, ఒక వరసలో చేశారు కాబట్టే దీపాలు ఆరలేదు.

ప్రశ్న: అణు విద్యుత్తును జర్మనీ మూసేసింది, ఫ్రాన్స్ నడుపుతోంది. ఎవరిది రైటు? – ఒక టీచర్

జవాబు: నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నడుస్తున్న మంచి రియాక్టర్లను బొగ్గు కంటే ముందు ఆపడం జర్మనీ చేసిన తప్పు. చివరి మూడింటిని 2023 ఏప్రిల్ 15న ఆపారు. అదే దేశపు చట్టం బొగ్గుకి మాత్రం 2038 దాకా గడువిచ్చింది. వరస తిరగబడింది. కేంద్రం కట్టడం దగ్గర్నుంచి అన్నీ లెక్కేస్తే అణు విద్యుత్ యూనిట్‌కి 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, గాలి విద్యుత్తుకీ ఇంచుమించు అంతే. బొగ్గుకి 820. ఇవి వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన ఐపీసీసీ 2014 నాటి నివేదికలోని మధ్యస్థ అంకెలు.

చెర్నోబిల్ (1986), ఫుకుషిమా (2011) చూసినవాళ్ళ భయాన్ని నేను కొట్టిపారేయను. ఇంకో చిక్కు కూడా ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత చకచకా రియాక్టర్లు కట్టిన ఫ్రాన్సే, 2007లో ఫ్లామాన్‌విల్‌లో మొదలుపెట్టిన రియాక్టర్‌ని 2024 డిసెంబరులో గానీ గ్రిడ్‌కి కలపలేకపోయింది. ఉన్నవాటిని జాగ్రత్తగా నడుపుకోవాలి. కొత్తవాటి మీదే ఆశ పెట్టుకుని కూర్చుంటే పదిహేనేళ్ళు బొగ్గు మండుతూనే ఉంటుంది.

ప్రశ్న: బొగ్గు బదులు గ్యాస్ వాడితే సగం హాని తగ్గుతుందంటారు, నిజమేనా?

జవాబు: చిమ్నీ దగ్గర కొలిస్తే నిజమే. కానీ గ్యాస్ అంటే మీథేన్. బావి దగ్గరో పైపులోనో లీకైతే, 20 ఏళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. లీకులు కొలిచి అరికట్టమని చట్టం పెట్టని చోట ఆ సగం మాట నమ్మకండి.

ప్రశ్న: మా నాన్న బొగ్గు కేంద్రంలో కాంట్రాక్ట్ ఫిట్టర్. మూసేస్తారని విని టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. మాలాంటివాళ్ళు ఏం కావాలి? – ఇంటర్ విద్యార్థి

జవాబు: బాబూ, అన్ని ఉత్తరాల్లోకీ నన్ను ఎక్కువసేపు ఆపింది నీదే. కేంద్రం మూసే ముందే మనుషుల లెక్క తేల్చాలి. 2018లో స్పెయిన్ బొగ్గు గనులు మూసేటప్పుడు యూనియన్లతో కూర్చుని 25 కోట్ల యూరోల ఒప్పందం చేసుకుంది. 48 దాటినవాళ్ళకి ముందస్తు రిటైర్మెంట్, మిగిలినవాళ్ళకి కొత్త పనిలో శిక్షణ అందులో ఉన్నాయి. కాంట్రాక్ట్ కార్మికుల్ని కూడా అలాంటి ఒప్పందంలో చేర్చాలని నాన్నగారి యూనియన్ ఇప్పుడే, మూసివేత తేదీ రాకముందే, రాతపూర్వకంగా అడగాలి.

ఇక నాన్నగారి పని గురించి. నాకు షాఫ్ట్ అలైన్‌మెంట్, అంటే కలిసి తిరిగే రెండు యంత్రాల ఇరుసుల్ని ఒకే గీతలోకి తేవడం, నేర్పింది ఒక ఫిట్టరే. కప్లింగ్ మీద డయల్ గేజ్ బిగించి, షాఫ్ట్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ముల్లు మిల్లీమీటరులో వందో వంతు కదిలినా పట్టేసేవాడు. పంప్డ్ స్టోరేజీ పంపుకీ, గాలిమర గేర్‌బాక్స్‌కీ ఆ చెయ్యే కావాలి. జర్మనీలో బిబ్లిస్ అణు కేంద్రం ఆగాక, 2012లో దాని జనరేటర్‌ని ఇంధనం లేకుండా ఊరికే తిరిగేలా మార్చి గ్రిడ్‌ని నిలకడగా ఉంచడానికి వాడుకున్నారు. తిరిగే యంత్రం ఉన్నచోట ఫిట్టర్ ఉండాల్సిందే.

ఈ ఆదివారం నాన్నగారి దగ్గర కూర్చో. ఏ పంపులు, ఏ ఫ్యాన్లు, ఏ ఏడాది ఓవర్‌హాల్‌లో చేశారో ఆయన చెబుతుంటే నువ్వు రాయి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఆ అనుభవం కాగితం మీద లేకుండా పోతుంది. ప్రతి పనికీ అక్కడి ఇంజనీర్ సంతకం, తేదీతో ధ్రువపత్రం తీసుకోమను, ఆ ఇంజనీర్లు బదిలీ అయిపోకముందే.