గుర్రం కంచె దూకి వెళ్లిపోతోంది, ఎలా ఆపాలి?

ప్రశ్న: మాకు నాలుగేళ్ల ఆడ గుర్రం ఉంది. మేత బీడు చుట్టూ నాలుగడుగుల తీగ కంచె వేశాం. దీనికి తోడుగా ఉన్న గుర్రాన్ని రెండు నెలల కిందట అమ్మేశాం. అప్పటి నుంచి కంచె దూకి రోడ్డెక్కుతోంది. పైన ఒక వరస ముళ్ల తీగ లాగినా ఆగలేదు, కాళ్లకు గీతలు పడ్డాయి. ముందుకాళ్లు రెండూ కలిపి కట్టేయమంటున్నారు. ఏ బండి కింద పడుతుందోనని చాలా టెన్షన్‌గా ఉంది. కట్టేయమంటారా?

జవాబు: వద్దండీ, కట్టొద్దు. బందం వేసిన గుర్రం కొన్నాళ్లకు ముందుకాళ్లు రెండూ ఒక్కసారిగా లేపి గెంతడం నేర్చుకుంటుంది. అలా గెంతి కంచెలో చిక్కుకుంటే కాలు విరుగుతుంది. గుర్రానికి కాలు విరిగితే బతికించడం చాలా కష్టం.

ముళ్ల తీగను కూడా ఈ రోజే విప్పేయండి. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. చర్మం, దాని కింద కండను ఎముకకు కలిపే నరాలు (టెండన్లు), ఎముక, అంతే. తీగ తగిలితే ఆగి చూసుకునే జంతువు కాదు, బెదిరి గుంజుకుంటుంది. ముళ్ల తీగలో పడ్డ గుర్రం కాలికి కుట్లు వేయాల్సి వచ్చినప్పుడు చూశాను, చర్మం మేజోడు జారినట్టు గిట్ట దాకా ఊడి ఉంది. నెలల తరబడి కట్లు కట్టినా మళ్లీ మామూలుగా నడవలేదు.

మీ సమస్యకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. తోడు గుర్రం వెళ్లాకే దూకడం మొదలైంది. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంటే ఎక్కడో ప్రమాదం ఉన్నట్టే దానికి అనిపిస్తుంది, నిలకడగా మేయలేదు. ఒకసారి కంచె వెంబడి నడిచి చూడండి. లోపలి వైపు గడ్డి తొక్కుడు పడి బాట తేలి ఉంటే, అది రోజంతా అటూ ఇటూ తిరుగుతూ తోడు కోసం వెతుకుతోందన్నమాట. రెండు వెనక గిట్టల గుర్తులు పక్కపక్కనే లోతుగా దిగి ఉన్న చోటు దొరికితే, అది దూకుతున్నది అక్కడి నుంచే. ఆ చోట మట్టి దిబ్బో, పేడకుప్పో, ఎత్తుపల్లమో ఉందేమో చూడండి. అడుగు ఎత్తు దిబ్బ ఉంటే మీ నాలుగడుగుల కంచె దానికి మూడడుగులే.

కాబట్టి మొదటి మందు తోడే. ఇంకో గుర్రమైతే మంచిది. కుదరకపోతే గాడిద, అదీ కాకపోతే ఒకటి రెండు మేకలు కూడా చాలా గుర్రాలకు సరిపోతాయి. కొన్ని రోజులు మధ్యలో అడ్డం ఉంచి, ఒకదాన్నొకటి చూసుకుని వాసన పట్టాకే కలపండి. గాడిదల్లో ఊపిరితిత్తుల పురుగు ఉండి గుర్రానికి అంటుకుంటుంది, కలపకముందే పశువైద్యుడితో పురుగు మందు వేయించండి. మేకలను తెస్తే వాటి దాణా గుర్రానికి అందనివ్వకండి. మేకలు, కోళ్ల దాణాల్లో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది కొద్దిగా తిన్నా గుర్రం గుండె దెబ్బతిని చనిపోవచ్చు.

మేత సంగతి కూడా చూడాలి. గుర్రం వదిలేస్తే రోజుకు పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. బీడులో గడ్డి అయిపోతే కంచె అవతలి పచ్చదనమే దానికి కనిపిస్తుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి లెక్క. దాన్ని ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల వేయండి. దాణా ఎక్కువ పెడుతూ పని చేయించకపోతే తగ్గించండి. దూకిన తేదీలు రాసుకోండి. దాదాపు మూడు వారాలకోసారి, ఐదారు రోజుల పాటు దూకుడు ఎక్కువైతే అది ఎద ప్రభావం. ఆ రోజుల్లో కొట్టంలో ఉంచితే సరిపోతుంది.

ఇక కంచె. ఒకసారి దూకడం వచ్చిన గుర్రానికి అయిదడుగులు ఉండాలి. పై వరసకు తీగ వద్దు, ఒకటిన్నర అంగుళాల తెల్ల కరెంటు పట్టీ లాగండి. సన్నటి తీగ గుర్రానికి కనబడదు, ఎరుపు రంగును సరిగా గుర్తించలేదు, తెల్ల పట్టీ మాత్రం దూరం నుంచే ఆనుతుంది. ఇంకో పట్టీని రొమ్ము ఎత్తులో, కంచెకు అడుగున్నర లోపలికి కట్టండి. దూకే ముందు గుర్రం కంచె దగ్గరికొచ్చి అంచనా వేసుకుంటుంది, ఈ పట్టీ ఆ దగ్గరికే రానివ్వదు. పట్టీకి కరెంటు ఇవ్వడానికి, ఆగి ఆగి చిన్న షాక్ పంపేలా కంచె కోసమే తయారు చేసిన ఎనర్జైజర్ అనే పెట్టెనే వాడండి. ఇంటి కరెంటును నేరుగా తగిలిస్తే మనిషి ప్రాణమే పోతుంది. పట్టీకి గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, కోస్తూ ఉండండి. కంచె చివర కరెంటు కంచెల టెస్టర్ పెడితే 3000 వోల్టులైనా చూపాలి. మొదటి రోజు పగ్గం పట్టుకుని కంచె పొడవునా నడిపించి, పట్టీ ఎక్కడుందో చూపించాకే వదలండి.

ఇదంతా పూర్తయ్యే దాకా మీరు చూస్తుండగా మాత్రమే బీడులో వదిలి, మిగతా వేళ కొట్టంలో ఉంచండి. కాళ్ల మీద గీతలన్నారు, ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా వస్తుంది. టీకా ఎప్పుడు వేయించారో గుర్తు లేకపోతే రేపటిదాకా ఆగకుండా ఈ రోజే పశువైద్యుడికి చూపించండి.